ఫైనల్ ఫాంటసీ 7: పాతదా, రీమేకా? ఏది మేలు?

పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్ వాళ్ళు సేల్ పెట్టిన ప్రతిసారీ చాలామందికి ఇదే డౌట్. ఫైనల్ ఫాంటసీ 7 ఆడాలని ఉంటుంది, వెతికితే రెండు కనిపిస్తాయి, ఒకటి 1997 నాటి గేమ్‌నే చిన్న చిన్న సర్దుబాట్లతో మళ్ళీ అమ్ముతున్నది, ఇంకోటి 2020లో వచ్చిన రీమేక్, రేటులో బోలెడు తేడా, బొమ్మల్లో అయితే అసలు పోలికే లేదు. కొత్తవాళ్ళు ట్రైలర్ చూసి రీమేక్ కొనేస్తారు, అది సహజం. నేను మాత్రం ఎవరడిగినా ముందు పాతది ఆడమనే చెప్తా.

మొదట తెలియాల్సింది ఏంటంటే రీమేక్ అంటే మొత్తం గేమ్ కాదు. పాతది ప్లేస్టేషన్ మీద మూడు డిస్కుల్లో వచ్చింది, అందులో మిడ్‌గార్ సిటీలో జరిగే కథ ఐదారు గంటల్లో అయిపోతుంది, సిటీ దాటి బయటికి అడుగుపెట్టాక వరల్డ్ మ్యాప్ కనిపించినప్పుడు ఓహో ఇప్పటిదాకా ఆడింది మొదలు మాత్రమేనా అనిపిస్తుంది. రీమేక్ ఆ మొదటి ముక్కనే తీసుకుని ముప్పై నలభై గంటలు చేసింది. తర్వాతి భాగం రీబర్త్ 2024లో వచ్చింది, మూడోది ఇంకా రావాలి. అంటే కథ చివరిదాకా చూడాలంటే ఇవాళ్టికి పాత గేమ్ ఒక్కటే దారి.

అలాగని రీమేక్‌ది అంతా సాగదీత అంటే నేను ఒప్పుకోను. పాతదాంట్లో హీరో క్లౌడ్‌తో కలిసి పనిచేసే జెస్సీ, బిగ్స్, వెడ్జ్ వచ్చి నాలుగు డైలాగులు చెప్పి వెళ్ళిపోయే మనుషులు. రీమేక్‌లో ఒక రాత్రి జెస్సీ వాళ్ళింటికి వెళ్తాం, అమ్మ భోజనం పెడుతుంటుంది, క్లౌడ్ దొంగచాటుగా లోపలి గదిలోకి వెళ్తే మాకో అనే ఎనర్జీ విషం ఎక్కి మంచంలో కదలకుండా పడున్న వాళ్ళ నాన్న కనిపిస్తాడు. ఆయన ఐడీ కార్డు తీసుకుని రావాలి. ఆ పిల్ల షిన్రా కంపెనీ మీద ఎందుకంత కసిగా ఉందో ఎవరూ లెక్చర్ ఇవ్వకుండానే అర్థమైపోతుంది, అందుకే తర్వాత వాళ్ళు ముగ్గురూ పోరాడే సెక్టార్ 7 పిల్లర్ మెట్లెక్కుతున్నప్పుడు గుండె బరువెక్కుతుంది. ఈ ఒక్క విషయంలో రీమేక్ పాతదాన్ని దాటేసింది, అనుమానం లేదు.

కానీ షిన్రా బిల్డింగ్ సీన్ చూడండి (చిన్న స్పాయిలర్ ఉంది). పాతదాంట్లో మనల్ని సెల్‌లో పడేస్తారు, నిద్ర లేచి చూస్తే తలుపు తెరిచి ఉంటుంది, కాపలావాడు చచ్చిపడి ఉంటాడు, నేల మీద రక్తం చార. దాని వెంటే ఒక్కో ఫ్లోరూ ఎక్కుతూ పోతే పైన ప్రెసిడెంట్ వీపులో దిగిన పొడవాటి కత్తి. ఆ కత్తి విలన్ సెఫిరోత్‌ది, మనిషి మాత్రం కనపడడు! ఇంకా ముఖం కూడా చూడనివాడి మీద అంత భయం పుట్టించారు, అదీ ఆ డబ్బాల్లాంటి బొమ్మలతో. రీమేక్‌లో సెఫిరోత్ రెండో చాప్టర్‌లోనే ఎదురొచ్చి మాట్లాడతాడు, ఇక్కడికొచ్చేసరికి రక్తం బదులు ఊదారంగు జిగురు లాంటిదేదో ఉంటుంది. చూడ్డానికి బ్రహ్మాండమే, భయం మాత్రం పోయింది.

అసలు పాయింట్ విస్పర్స్. రీమేక్‌లో నల్లటి దెయ్యాల్లాంటివి వచ్చి కథ పాత దారి తప్పబోతే అడ్డుపడుతుంటాయి. పాతది ఆడినవాళ్ళకి అవి వచ్చిన ప్రతిసారీ ఇక్కడ ఏం జరగాలి, ఏం మారబోతోంది అని ఉత్కంఠ. ఆడనివాళ్ళకి ఉన్నట్టుండి ఊడిపడే గందరగోళం, ఇక చివరి చాప్టర్ అయితే తలా తోకా దొరకదు. అంటే పేరుకి రీమేక్ అయినా పాత గేమ్ తెలిసినవాళ్ళతో అది చేసే సంభాషణ, దాని బదులు ఆడే గేమ్ కాదు. రీబర్త్ కూడా ఇంతే, ఇంకా ఎక్కువ కూడా.

ఫైటింగ్ సంగతికొస్తే రీమేక్‌దే పైచేయి. కొడుతుంటే కమాండ్లకి కావాల్సిన ఏటీబీ గేజ్ నిండుతుంది, కమాండ్ మెనూ తెరిస్తే టైమ్ స్లో అవుతుంది, అక్కడ తీరిగ్గా మ్యాజిక్కో వైద్యమో ఆలోచించి చేయొచ్చు, మన జట్టులోని బారెట్‌తో దూరం నుంచి కాల్చి టీఫాకి మారి స్టాగర్ (శత్రువు తూలిపోయే స్థితి) పెంచడంలో ఉండే మజానే వేరు. పాతదాంట్లో నాలుగు అడుగులేస్తే ఒక ఫైట్, అదే మ్యూజిక్ మళ్ళీ మొదలు. అయితే ఒక్కో పాత్రకి ఒక్కో మ్యాజిక్ అని కట్టేయకుండా మ్యాజిక్ ఇచ్చే మెటీరియా గోళాలు ఎవరికి కావాలంటే వాళ్ళకి తగిలించుకునే పద్ధతి అక్కడిదే, ఇరవై ఏళ్ళు దాటినా రీమేక్ వాళ్ళు దాన్నే ఉంచారంటే ఆలోచించండి.

పాతదాంతో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. పెద్ద టీవీ మీద బ్యాక్‌గ్రౌండ్లు మసకగా ఉంటాయి, నిచ్చెన ఎక్కడుందో తలుపు ఎక్కడుందో తెలీక తిరుగుతుంటాం. దానికి ఒరిజినల్‌లోనే మందుంది, సెలెక్ట్ నొక్కితే క్లౌడ్ నెత్తిమీద చెయ్యి గుర్తు, దారులున్న చోట బాణాలు వస్తాయి, ఇది తెలీక మొదటి గంటలోనే వదిలేసేవాళ్ళు ఉంటారని నాకు బాధ. డైలాగులకి వాయిస్ లేదు, ఇంగ్లీష్ అనువాదం అక్కడక్కడా తడబడుతుంది. కానీ నోబువో ఉయెమాత్సు మ్యూజిక్ ఆ లోటు కనపడనివ్వదు, ఎయిరిత్ అనే పాత్ర థీమ్ ఒక్కటి చాలు.

ఏ వెర్షన్ అంటే, పీఎస్4, స్విచ్ వాటిలో మూడింతల స్పీడు, ఎదురుపడే ఫైట్లు ఆపేసే ఆప్షన్ ఉన్నాయి, ఉద్యోగం చేసుకుంటూ రాత్రి గంటో గంటన్నరో ఆడేవాళ్ళకి అవే హాయి. పీసీ అయితే ఫ్యాన్స్ చేసిన మార్పులు (మాడ్‌లు) ఎక్కించే సెవెన్త్ హెవెన్ అనే మాడ్ మేనేజర్‌తో బొమ్మలు, మ్యూజిక్ మెరుగు చేసుకోవచ్చు, కానీ మొదటిసారి అవన్నీ ఎక్కించకండి, బ్యాక్‌గ్రౌండ్లు క్లియర్ చేసే మాడ్ ఒక్కటి పెట్టుకుంటే సరిపోతుంది. పాత గేమ్ పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది, రీమేక్‌కి గ్రాఫిక్స్ కార్డు, దాదాపు వంద జీబీ ఖాళీ కావాలి. పాతది మొత్తం అయ్యాకే దాన్ని డౌన్‌లోడ్‌కి పెట్టండి, కనీసం మొదటి డిస్కు పూర్తయ్యేదాకా అయినా రీబర్త్ వీడియోల జోలికి పోకండి.