విక్షనరీ పునర్నిర్మాణ పేజీలు: 'విస్సెన్' చుట్టాలను వెతికేందుకు ఎంతవరకు పనికొస్తాయి?

ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ నిఘంటువు ఇంగ్లీషు విక్షనరీ 2002 డిసెంబరులో మొదలైంది. మాటల పుట్టుక కోసం దాన్ని ఏళ్లుగా వాడుతున్నాను. నా లెక్కలో అందులోని అసలు సరుకు ప్రాచీన జర్మానిక్ (జర్మన్, ఇంగ్లీషు వంటి భాషలకు తల్లిభాష) పునర్నిర్మాణ పేజీల్లోనే ఉంది. జర్మన్‌లో 'తెలియడం' అని అర్థమిచ్చే 'విస్సెన్' మాటనే పరీక్షకు పెడదాం.

'విస్సెన్' పేజీలో వ్యుత్పత్తి చదివి ఆగిపోవద్దు. అక్కడ నక్షత్రం గుర్తుతో ఉన్న ప్రాచీన జర్మానిక్ రూపం మీద నొక్కి, ఆ పేజీలో క్రియారూపాల పట్టిక తెరవండి. (నక్షత్రం ఉందంటే ఎక్కడా రాసి దొరకని, పండితులు ఊహించి కట్టిన రూపమని.) ఏకవచనం '*వయ్ట్', బహువచనం '*విటుమ్'. సంస్కృతంలో 'వేద', 'విద్మ'. గ్రీకులో 'ఓయ్ద', 'ఇద్మెన్'. అచ్చు మూడు చోట్లా ఒకే తీరున మారింది. ధాతువుకు అసలు అర్థం చూడటం. దాని పూర్ణార్థక రూపమే (పని పూర్తయి ఫలితం మిగిలిందని చెప్పేది, అంటే 'చూసి ఉన్నాను') 'నాకు తెలుసు' అయి కూర్చుంది. పుట్టుకకు భూతకాలపు రూపం, వాడుకకు వర్తమానం. అందుకే నేటి జర్మన్‌లోనూ 'ఎర్ వైస్' అంటారు, మామూలు క్రియల్లా చివర 'ట్' చేరదు. వ్యాకరణంలో అపవాదమని బట్టీపట్టించేదానికి కారణం ఈ పట్టికలో కళ్లెదుటే కనిపిస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే.

మన వేదం, విద్య, విద్వాంసుడు సంస్కృతం నుంచి వచ్చాయి కాబట్టి ఈ వంశంలోవే. తెలియు, ఎరుగు ద్రావిడ మాటలు. వాటికి బరో–ఎమెనో ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు చూడాలి.

పునర్నిర్మాణ పేజీల్లో ఆ రూపం నుంచి పుట్టిన మాటలను చూపే సంతతి జాబితాలో బాణం గుర్తును వదిలేయకండి. అది ఉంటే ఆ మాట అరువు వెళ్లిందని అర్థం. 'తీరు' అనే అర్థమున్న ఇంగ్లీషు 'వైజ్' ఇంట్లోనే పుట్టింది, దాని జంట 'గైజ్' (వేషం) మాత్రం ఫ్రాంకిష్ అనే పాత జర్మానిక్ భాష నుంచి ఫ్రెంచి మీదుగా తిరిగొచ్చింది. ఆ దారిలోనే 'వ' కాస్తా 'గ' అయింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇదే ధాతువును ఒక్కో నిఘంటువు ఒక్కో లిపి పద్ధతిలో రాస్తుంది, ఒకచోట కాపీ చేసి ఇంకోచోట వెతికితే దొరకదు. అర్థం ఏ శతాబ్దంలో మారిందో చాలా పేజీల్లో ఉండదు. జర్మన్ మాటలకైతే పక్కన క్లూగె జర్మన్ వ్యుత్పత్తి నిఘంటువు (తొలి ముద్రణ 1883) పెట్టుకోవాల్సిందే. ఎవరైనా దిద్దగలిగే పేజీలు కాబట్టి, ఆధారం చూపని వ్యుత్పత్తిని ఇంకోచోట సరిచూసుకోండి.

పోలిక చూసి మోసపోవడం మరో ప్రమాదం. 'తెలుపు' అనే అర్థమున్న జర్మన్ 'వైస్' రాతలోనూ పలుకులోనూ అచ్చం ఇదే, కానీ చుట్టం కాదు. ఇంగ్లీషులో 'వైట్' అయింది అదే, దాని పాత రూపంలో ముందు 'హ' ఉండేది. ఇంగ్లీషు 'నో', 'కెన్', జర్మన్ 'కెన్నెన్' కూడా ఈ పేజీలో దొరకవు. వాటిది జ్ఞానం మాటకు మూలమైన వేరే ధాతువు, వాటిని అక్కడి నుంచే మొదలుపెట్టి వెతకాలి.