బస్సు సైటు గీసే ముందు ఎవరి సైట్లు చూడాలి: తోటి ఆపరేటర్లవా, అగ్రిగేటర్లవా, రైళ్లవా?

దూరప్రాంత బస్సులు నడిపే కంపెనీ ఒకటి మిమ్మల్ని పిలిచి కొత్త వెబ్‌సైటు చేసిపెట్టమంది అనుకోండి. మొదటి రోజు ఏం చేస్తారు? నేనైతే చాలాకాలం ఒకటే చేశాను. పది ట్రావెల్ సైట్లు తెరవడం, హోమ్‌పేజీల స్క్రీన్‌షాట్లు తీయడం, ఒక ఫోల్డరులో పడేసి రీసెర్చ్ అయిందనిపించుకోవడం. ఆ ఫోల్డరు మళ్లీ తెరిచిన గుర్తు లేదు. బుకింగ్ మధ్యలో మనిషి ఎక్కడ ఆగి తల గోక్కున్నాడో స్క్రీన్‌షాట్ చెప్పదు కదా.

చూడదగ్గ సైట్లలో నాలుగు రకాలున్నాయి. సొంత పేరుతో బస్సులు నడిపే ఆపరేటర్లవి, పదిమంది బస్సుల టికెట్లు ఒకేచోట అమ్మే అగ్రిగేటర్లవి, రైళ్లవీ విమానాలవీ, ఇవి కాక దారి చెప్పడమే పనిగా పెట్టుకున్నవి. నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఒకే కంపెనీకి సైటు చేస్తుంటే అగ్రిగేటర్ల సైట్లు చూడముచ్చటగా ఉండి దారి తప్పిస్తాయి. తోటి ఆపరేటర్ల సైట్లు కాస్త మోటుగా ఉన్నా, వాటి సహాయం పేజీల్లో దొరికే సరుకు ఇంకెక్కడా దొరకదు.

అగ్రిగేటర్ల అందం ఎవరికోసం?

2006లో బెంగళూరులో మొదలైన రెడ్‌బస్, 2011లో మాంట్రియల్‌లో పుట్టిన బస్‌బడ్, 2019 దాకా గోయూరో పేరుతో నడిచిన బెర్లిన్ కంపెనీ ఓమియో. ఇలాంటి వాటి ఫలితాల పేజీలు చూస్తే ఏ డిజైనరుకైనా చేయి దురద పెడుతుంది. ఫిల్టర్లు, రేటింగులు, ధర ప్రకారమో సమయం ప్రకారమో వరసలు మార్చే మీటలు. అన్నీ బాగున్నాయి. కానీ అవన్నీ ఎందుకు వచ్చాయో చూడండి. ఒకే దారిలో నలభై బస్సులు, వాటికి పదిహేనుమంది యజమానులు. చూసేవాడికి అందులో ఒక్కరూ తెలియదు. ఎవరిని నమ్మాలో తేల్చుకోవడానికి రేటింగు కావాలి, గుంపును తగ్గించుకోవడానికి ఫిల్టరు కావాలి.

మీ కంపెనీ సైటుకు వచ్చినవాడు ఆ తేల్చుకునే పని దాదాపు ముగించుకునే వచ్చాడు. ఆ దారిలో మీకు రోజుకు ఆరు బస్సులుంటే, పక్కన పదహారు ఫిల్టర్లు పెట్టడం ఆరు గదుల ఇంటికి దారిచూపే పటం అచ్చువేయించడమే. అతనికి మిగిలిన సందేహాలు వేరు. బస్సు సరిగ్గా ఎక్కడ ఆగుతుంది? రెండు పెద్ద సూట్‌కేసులు పడతాయా? మనసు మారితే డబ్బులొస్తాయా? ఈ మూడింటికీ అగ్రిగేటర్ల దగ్గర మంచి నమూనా దొరకడం కష్టం. టికెట్ అమ్మేది వాళ్లయినా బస్సు నడిపేది వేరేవాళ్లు, అందుకని జవాబులు చాలాసార్లు ‘ఆపరేటరును బట్టి’ అన్న మాట దగ్గర ఆగిపోతాయి.

అలాగని ఉత్తచేతులతో తిరిగి రానక్కర్లేదు. ఒకే నగరంలో ఒకే బస్సు ఏడెనిమిది చోట్ల జనాన్ని ఎక్కించుకునే పరిస్థితిని రెడ్‌బస్ లాంటివి బాగా నలిగి నేర్చుకున్నాయి. ప్రతి బోర్డింగ్ పాయింటుకూ విడిగా సమయం, గుర్తుగా దగ్గరలోని ఒక భవనం పేరు. ఇది తప్పకుండా రాసుకోండి.

ఆపరేటర్ల సైట్లలో చూడాల్సింది హోమ్‌పేజీ మాత్రం కాదు

ఫ్లిక్స్‌బస్ సంగతి ఆసక్తికరం. రైళ్లకు పోటీ రాకుండా జర్మనీలో దశాబ్దాలుగా ఉన్న ఆంక్షలు 2013 జనవరిలో తొలగి, దూరప్రాంత బస్సులకు తలుపు తెరుచుకుంది. ఆ ఏడాదే ఈ కంపెనీ బస్సులు రోడ్డెక్కాయి. అవి చాలావరకు స్థానిక కంపెనీల బస్సులే, పైనున్న ఆకుపచ్చ రంగూ, పేరూ, టికెట్ల అమ్మకమూ ఫ్లిక్స్‌బస్‌వి. అంటే లోపల చూస్తే అగ్రిగేటరు, బయటికి ఆపరేటరు. ప్రయాణికుడికి మాత్రం జవాబు చెప్పే గొంతు ఒక్కటే వినిపిస్తుంది. 1914 నాటి అమెరికా బస్సు కంపెనీ గ్రేహౌండ్‌ను 2021లో కొన్నది కూడా ఈ సంస్థే. పాత కంపెనీ, కొత్త కంపెనీ ఒకే గూటికి చేరాక ఏ పేజీలు కలిశాయి, ఏవి విడిగా మిగిలాయి అని చూడటమే ఒక పాఠం.

ఇలాంటి సైటు తెరవగానే నేను నేరుగా ‘తరచూ అడిగే ప్రశ్నలు’ పేజీకి వెళ్తాను. అక్కడున్న ప్రతి ప్రశ్నా బుకింగ్ దారిలో జవాబు దొరకని చోటు. జనం ఫోన్లు చేసి చేసి విసిగిస్తే, ఆఖరికి ఎవరో కూర్చుని రాసిన పేజీ అది. ఒక్కమాటలో, ఆ కంపెనీ తన లోపాల చిట్టాను తానే అచ్చేసి గోడకు తగిలించింది. మూడు నాలుగు ఆపరేటర్ల ప్రశ్నలన్నీ ఒక షీటులో ఎక్కించి, అందరి దగ్గరా మళ్లీ మళ్లీ వచ్చేవాటికి రంగు వేయండి. లగేజీ కొలతలు, సైకిలు, ఒంటరిగా వెళ్లే పిల్లలు, బస్సు తప్పిపోతే ఏమిటి, టికెట్ మీద పేరు తప్పు పడితే ఏమిటి, ఫోన్లో ఛార్జింగ్ అయిపోతే టికెట్ ఎలా చూపాలి. రంగు పడ్డవన్నీ మీ సైటులో సహాయం పేజీకి పోకుండా బుకింగ్ పేజీలోనే, అడగకముందే, కనిపించాలి. మీకు కావలసిన డిజైన్ పత్రం సగం ఈ షీటే.

తర్వాత ఆలస్యం. యూరోపియన్ యూనియన్‌లో 2013 మార్చి 1 నుంచి అమలైన 181/2011 నిబంధన ప్రకారం, టెర్మినల్ నుంచి బయలుదేరాల్సిన బస్సు ఆలస్యమైతే ఆ సంగతి షెడ్యూల్ సమయం దాటిన 30 నిమిషాల్లోపు ప్రయాణికులకు చెప్పాలి. 250 కిలోమీటర్లు, అంతకు మించిన దూరం నడిచే సర్వీసులకు ఇది వర్తిస్తుంది. 120 నిమిషాలు దాటి ఆలస్యమవుతుందని తెలిస్తే డబ్బు వాపసో, వేరే దారో ఎంచుకునే హక్కు ప్రయాణికుడిది. మీ కంపెనీ ఆ దేశాల్లో ఉన్నా లేకున్నా ఈ అంకెలు పరీక్షకు పనికొస్తాయి. అరగంటలోపు ఆ ముక్క చెప్పడానికి ఈ సైటులో ఏ మూల చోటుంది? చాలా సైట్లలో దానికంటూ ఒక చోటు గీసినట్టే ఉండదు, తర్వాత ఎవరో ఎర్ర పట్టీ ఒకటి అతికించి ఉంటారు.

రైళ్లు, విమానాలు

రైలు సైట్లలో ఒక చిన్న మంచి అలవాటుంది. జర్మనీ రైల్వే సంస్థ డాయిష్ బాన్ లాంటి వాళ్ల సైట్లలో ‘ఎప్పుడు బయలుదేరాలి’తో పాటు ‘ఎప్పటికి చేరాలి’ అని కూడా వెతకొచ్చు. పది గంటలకు ఇంటర్వ్యూ ఉన్నవాడికి కావలసింది రెండోదే. బస్సు సైట్లు తరచుగా తేదీ అడిగి ఊరుకుంటాయి. ఇది అరువు తెచ్చుకోండి. స్టేషను విషయంలో మాత్రం రైళ్లను అనుసరించకండి. రైల్వేస్టేషను ఊరందరికీ తెలిసిన భవనం, పేరు రాస్తే చాలు. బస్సు ఆగేది ఒక్కోసారి ఫ్లైఓవరు కింద, ఒక్కోసారి హోటలు ఎదురుగా, రోడ్డుకు ఏ పక్కనో తెలియకుండా. పేరు సరిపోదు, పటం సరిపోదు. పగలొకటి, రాత్రొకటి తీసిన ఫొటోలుండాలి.

విమానాల నుంచి నేర్చుకునేది అర్ధరాత్రి లెక్క. బస్సులకు ఇది పెద్ద తలనొప్పి. 14వ తేదీ రాత్రి బయలుదేరాలనుకున్నవాడు 14 నొక్కి, 12:15 బస్సు ఎంచుకుంటాడు. ఆ బస్సు 13 రాత్రి గడిచి 14 మొదలయ్యాక పావుగంటకే వెళ్లిపోతుంది. సంచి సర్దుకుని 14 రాత్రి వచ్చేసరికి బస్సు వెళ్లి దాదాపు రోజు. తప్పు అతనిదేనని నియమాలు చెప్తాయి, నోటి వాడుక మాత్రం అతని పక్షం. మనం పడుకునేదాకా ‘ఈ రాత్రే’ అంటాం, క్యాలెండరు మాత్రం పన్నెండుకే పేజీ తిప్పేస్తుంది. విమానాల సైట్లు చేరే సమయం పక్కన ‘+1’ (అంటే మర్నాడు) అని గుర్తు పెడతాయి. అది చేరే వైపుకు పనిచేస్తుంది, బయలుదేరే వైపుకు చాలదు. నాకు నచ్చిన మార్గం, పన్నెండు దాటాక నాలుగింటిలోపు బయలుదేరే ప్రతి బస్సు దగ్గరా ‘13 బుధవారం రాత్రి గడిచాక, 14 గురువారం తెల్లవారకముందు’ అని పూర్తిగా రాసేయడం. చోటు పడుతుంది. పట్టనివ్వండి. ఏ సైటు చూసినా ఈ ఒక్క బస్సును వెతికి చూడండి, ఆ సైటు గీసినవాళ్లు ఎప్పుడైనా రాత్రి బస్సెక్కారో లేదో తెలిసిపోతుంది.

విమానాల నుంచి తెచ్చుకోకూడనిది మెట్లమెట్లుగా ధర పెంచే పద్ధతి. మొదటి తెరమీద ఒక ధర, చివరి తెరమీద మరొకటి. యూరోపియన్ యూనియన్ 1008/2008 నిబంధన, విమాన టికెట్ మీద తప్పనిసరి పన్నులూ రుసుములూ కలిపిన ధరే ఎప్పుడూ చూపాలంది. బ్రిటన్ 2024లో చేసిన చట్టంతో ఇలా ధరను బొట్లుబొట్లుగా విప్పడాన్ని నిషేధించింది, 2025 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. ఇలాంటి మాయలకు ‘డార్క్ ప్యాటర్న్స్’ అని హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనరు పేరుపెట్టింది 2010లో. పోటీవాళ్ల సైటులో ఇవి కనిపిస్తే ‘అందరూ చేస్తున్నారు’ అన్న వరసలో రాసుకోకండి.

సీట్ల పటం విమానాల సైట్లలోనూ ఉంటుంది, బస్సు సైట్లలో దాన్ని తరచుగా అడ్డంగా పడుకోబెడతారు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఫోను తెర వెడల్పు 360 పిక్సెళ్లు అనుకోండి. బస్సును నిలువుగా గీస్తే నాలుగు సీట్లూ నడవా కలిపి ఐదు గడులు, ఒక్కోటి 72. అడ్డంగా గీస్తే పదమూడు వరసలు, ఒక్కోటి 27. వెబ్‌సైట్లు వికలాంగులతో సహా అందరికీ వాడుకోగలిగేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో 2023 అక్టోబరులో వచ్చిన 2.2 నొక్కే గడికి కనీసం 24 ఉండాలంటుంది, అంటే అడ్డం బస్సు అంచున గట్టెక్కుతుంది. నిలువుగా గీయండి, వేలికి హాయి.

దారి మాత్రమే చెప్పేవి

ఎవరి జాబితాలోనూ కనిపించని సైటు ఒకటి నా జాబితాలో మొదటి ఐదింట్లో ఉంటుంది. బ్రిటిష్ రైల్వేలో పనిచేసిన మార్క్ స్మిత్ 2001లో మొదలుపెట్టిన ‘సీట్ 61’. రంగులూ కదలికలూ లేవు. పొడుగాటి పేరాలు, ఫొటోలు, ఏ రైలు ఎక్కితే ఏమవుతుందన్న వివరం. రైళ్ల సైటే అయినా చూడండి, తెలిసినవాడు పక్కన కూర్చుని చెప్తున్నట్టుంటుంది. రోమ్2రియో దీనికి పూర్తిగా అవతలి కొస. ఏ రెండు చోట్లు ఇచ్చినా రైలు, బస్సు, విమానం, కారు అన్నిటినీ పక్కపక్కన పరుస్తుంది. ప్రయాణం మీ బస్టాపు దగ్గర కాక ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుందని అది గుర్తుచేస్తుంది. అంతకుమించి బస్సు సైటుకు దానితో పెద్ద పని లేదు.

మీరే చూడటమా, ఇంకొకరు చూస్తుంటే చూడటమా?

రెండోదే మేలు, కానీ మొదటిది ముగించాక. ముందు మీరే రెండు సైట్లలో ఒకే ప్రయాణం బుక్ చేస్తూ మూడు సంగతులు రాసుకోండి. పూర్తి ధర ఎన్నో నొక్కుకు కనిపించింది, బస్సు ఆగే సరైన చోటు ఎన్నో నొక్కుకు తెలిసింది, ఖాతా తెరవమని ఎక్కడ అడిగింది. చెల్లింపు దాకా వెళ్తే చాలా సైట్లు ఆ సీటును కొన్ని నిమిషాలు పట్టి ఉంచుతాయి. కాబట్టి పండగ ముందురోజు నిండిన బస్సు మీద ప్రయోగాలు చేయకండి, ఎవరికో నిజంగా ఆ సీటు కావాలి. ఒక్క టికెట్ మాత్రం డబ్బు పెట్టి కొని, రద్దు చేసి చూడండి. కొన్నాక వచ్చే సందేశాలు, రీఫండ్ ఎప్పుడొస్తుందో చెప్పే మాటలు వేరే దారిలో కనపడవు.

తర్వాత ఐదుగురిని కూర్చోబెట్టండి. ఐదుగురితోనే దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయని సైట్ల వాడకాన్ని పరిశోధించే జాకబ్ నీల్సన్ 2000లో రాసిన లెక్క అందరూ వాడేదే, అయితే అది ఒకే తరహా వాడకందారుల లెక్క. బస్సుల్లో విద్యార్థులూ ఉంటారు, మనవడి ఫోనుతో బుక్ చేసే తాతలూ ఉంటారు. ఒక్కో తరహాకు ముగ్గురు నలుగురైనా కావాలి. పని కూడా ‘ఒక టికెట్ కొనండి’ అని ఇవ్వకండి, అది అందరూ చేసేస్తారు. ‘రేపటికి కొన్న టికెట్‌ను ఎల్లుండికి మార్చండి’ అనండి. రెండు సైట్లలో, ఫోను మీద. ఎవరు ఎక్కడ వెనక్కి మీట నొక్కారో గమనించండి, నోరు కట్టుకుని.

ఇంకో చవకైన పని, పాత వెబ్‌పేజీలు చూపించే వేబ్యాక్ మెషిన్ తెరవడం. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి దాస్తూ వచ్చిన పేజీల్లో ఒకే ఆపరేటరు సైటును ఐదేళ్లకోసారి తెరిచి చూడండి. మధ్యలో వచ్చి మాయమైనవాటి మీద మీరు డబ్బు పోసే ముందు, వాళ్లు ఎందుకు తీసేసి ఉంటారో ఆలోచించుకోవచ్చు.

నాకు మూడు రోజులే ఇస్తే ఒకటిన్నర రోజు ఆపరేటర్ల సహాయం పేజీలకూ, కొని రద్దు చేసిన టికెట్లకూ పోతుంది. ఒక రోజు మనుషుల పక్కన కూర్చోవడానికి. మిగిలిన పూటలో రైళ్లు, విమానాలు, సీట్ 61. అగ్రిగేటర్లకు ఒక గంట చాలు. ఈ వరస తిరగబడేది ఒక్క సందర్భంలోనే: ఆ కంపెనీ రేపు తన సైటులో ఇతరుల బస్సులు కూడా అమ్మాలనుకుంటే. ఆ సంగతి వాళ్లను మొదటి సమావేశంలోనే అడగండి, నేను ఒకసారి మూడో నెలలో అడిగాను.