జాగ్రత్త: అనంతపురంలో కవర్లలో పోసి అమ్ముతున్న లూజు క్యాట్ ఫుడ్ కొనకండి

అనంతపురంలో పిల్లులు పెంచుకుంటున్న అందరూ ఒకసారి చదవండి. కొన్ని అంగళ్లలో తెల్లటి ప్లాస్టిక్ కవర్లలో క్యాట్ ఫుడ్ పోసి, మూతిని కొవ్వొత్తి మంటకు చూపించి అతికించి, పైన ‘క్యాట్ ఫుడ్ 1 కేజీ’ అని చిన్న చీటీ అంటించి అమ్ముతున్నారు. కంపెనీ ప్యాకెట్ ధరలో సగానికే వస్తుంది. అడిగితే ‘పెద్ద బస్తా తెప్పించి విడిగా పోస్తాం, సరుకు అదే’ అంటారు. అదే కాదు. అలాంటి ఒక కవరు విప్పితే ఏమేం బయటపడ్డాయో, అది పిల్లికి ఎందుకు పనికిరాదో, ఇప్పటికే కొన్నవాళ్లు ఏం చేయాలో రాస్తున్నాను. అంగడి పేరు ఇక్కడ అక్కర్లేదు. కవరును చూసి పోల్చుకోవడం తెలిస్తే ఏ అంగట్లోనూ మోసపోరు.

కిలో అన్న కవరు కాటా మీద పెడితే ప్లాస్టిక్‌తో కలిపి 880 గ్రాములు తూగింది. పాత పేపరు పరిచి మొత్తం పోసి చూస్తే అందులో రెండు రకాల గింజలున్నాయి. కందిబేడ కంటే కాస్త పెద్దవిగా, చేప ఆకారంలో ఉన్నవి కొన్ని. ఇవి పిల్లుల ఫుడ్డే. మిగతావన్నీ బటాణీ కంటే లావుగా, గుండ్రంగా, ముదురు గోధుమ రంగులో ఉన్నాయి. ఇవి కుక్కలకు పెట్టేవి. అడుగున గుప్పెడు పొడి. వేలికి అద్దుకుని వాసన చూస్తే ఎండుచేపల వాసన. అంటే కుక్కల ఫుడ్డు మీద ఎండుచేపల పొడి చల్లి పిల్లుల ఫుడ్డు కింద అమ్ముతున్నారన్నమాట. పైకి కనబడేలా చేప ఆకారం గింజలు నాలుగు కలిపారు, అంతే.

పేపరు మీద నూనె మరక చూసి పాతదని తేల్చకండి. కొత్త సరుకైనా కాస్త మరక పడుతుంది. పట్టించేది వాసన. గింజను గోటితో విరిచి వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోండి. తాజాదైతే వేయించిన మాంసం వాసనో చేప వాసనో వస్తుంది. పాతదైతే పెయింటు డబ్బా మూత తీసినట్టు ఘాటుగా ఉంటుంది. మన జిల్లావాళ్లకు ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. పోయిన ఏడాది శనక్కాయ గింజ నోట్లో వేసుకుంటే గొంతులో తగిలే చేదు గుర్తుందా, ఆ చేదుకు వాసన ఉంటే ఇలాగే ఉంటుంది. రెండింటికీ కారణం కూడా ఒకటే, గాలి తగిలి కొవ్వు పాడవడం. డ్రై ఫుడ్ గింజ తయారయ్యాక కొవ్వును పైన పూతలా చల్లుతారు. ప్యాకెట్ విప్పగానే గాలి ముందు తగిలేది ఆ పూతకే. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో మూతి తెరిచి పెట్టిన బస్తా ఇంకా వేడెక్కుతుంది. కొవ్వు పాడవుతుంటే దాంతోపాటు విటమిన్ ఇ, విటమిన్ ఎ కూడా దెబ్బతింటాయి. కాబట్టి బస్తా మీద తేదీ బాగానే ఉన్నా, విప్పి నెలలైన సరుకుకు ఆ తేదీ వర్తించదు. వానాకాలంలో తడి తగిలితే బూజు పడుతుంది. తడిసిన శనక్కాయల్లో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషమే మొక్కజొన్న కలిసిన పెట్ ఫుడ్‌లోనూ పుట్టగలదు. అది కాలేయాన్ని పాడుచేస్తుంది. ఎండబెట్టినా వేడి చేసినా పూర్తిగా పోదు.

‘మీ పిల్లి ఇష్టంగా తింటోంది కదా’ అన్నది అంగడాయన దగ్గర ఉండే పెద్ద సమాధానం. దాన్ని నమ్మవద్దు. పిల్లి తిండిని నాలుకతో కంటే ముక్కుతో ఎంచుకుంటుంది. మనిషి నాలుక మీద రుచి మొగ్గలు వేలల్లో ఉంటే పిల్లికి ఐదు వందల లోపే. తీపి అసలు తెలియదు, తీపిని గుర్తించే జన్యువు పిల్లి జాతిలో పనిచేయదని 2005లో తేలింది. కాబట్టి చేపో, లివరో, మాంసమో వాసన గట్టిగా వస్తే చాలు, లోపల ఏముందని చూడకుండా తినేస్తుంది. చల్లిన ఎండుచేపల పొడి చేసే పని ఇదే. పొడి వాసన తగ్గాక నాలుగో రోజు నుంచి అదే కవరులోది మానేస్తుంది. గిన్నె చుట్టూ నేలను గీరుతుంది, మట్టి కప్పుతున్నట్టు. చాలా ఇళ్లలో దాన్ని ‘పొగరు’ అంటారు. పొగరు కాదు, ముక్కుకు తేడా తెలిసిపోయింది.

కుక్కల ఫుడ్డు ఒక పూట పెడితే ప్రాణం మీదికేమీ రాదు. నెలల తరబడి అదే పెడితే వస్తుంది. గుండెకూ కళ్లకూ అవసరమైన టౌరిన్ అనే పోషకాన్ని కుక్క తన ఒంట్లో తయారు చేసుకోగలదు. పిల్లి తనకు చాలినంత చేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. టౌరిన్ చాలకపోతే కంటి వెనక పొర దెబ్బతిని చూపు పోతుంది, గుండె కండరం పలచబడి గుండె ఉబ్బుతుంది. ఈ గుండె జబ్బుకు టౌరిన్ లోపమే కారణమని 1987లో అమెరికా పరిశోధకులు తేల్చారు. క్యాట్ ఫుడ్‌లో టౌరిన్ మోతాదు పెంచింది ఆ తర్వాతే. సమయానికి టౌరిన్ ఇస్తే గుండె చాలావరకు కోలుకుంటుంది, పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. క్యారెట్‌లో ఉండే పదార్థాన్ని విటమిన్ ఎ గా మార్చుకోవడం కూడా కుక్కకు వచ్చు, పిల్లికి రాదు. ప్రొటీన్ లెక్క చూడండి. పెట్ ఫుడ్‌కు ప్రమాణాలు పెట్టే అమెరికా సంస్థ ఆఫ్‌కో లెక్క ప్రకారం తేమ తీసేసి లెక్కిస్తే పెద్ద కుక్కకు కనీసం 18 శాతం చాలు. పెద్ద పిల్లికి 26, పిల్లికూనకూ కడుపుతో ఉన్న పిల్లికీ 30 కావాలి. కూనలకు ఈ కవరు సరుకు పెట్టడం మరీ ఘోరం, ఎదిగే వయసులో పడిన లోటు తర్వాత పూడదు.

కవరు సరుకు పెడుతున్న ఇళ్లలో ముందుగా కనబడేవి ఇవి: తిన్న అరగంటలోపు నమలని గింజలు అలాగే కక్కడం, జిడ్డుగా వాసనేసే విరేచనం, వెన్ను మీద వెంట్రుకలు మెరుపు తగ్గి పొట్టు రాలడం. వీటికి ఒకటి రెండు రోజులు చూసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లొచ్చు. ఒక్క లక్షణానికి మాత్రం ఆగకూడదు. మగపిల్లి ఇసుక ట్రేలోకి పదే పదే వెళ్లి కూర్చుని, ముక్కి, చుక్క కూడా రాకుండా లేస్తుంటే, అరుస్తుంటే, మూత్రం దారి మూసుకుపోయినట్టే. నీళ్లు తక్కువ తాగి, ఎప్పుడూ ఎండు తిండే తిని, పైగా ఖనిజాలు ఎక్కువుండే ఎండుచేపల పొడి తినే మగపిల్లికి ఈ గండం ఎక్కువ. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. మలబద్ధకం అనుకుని ఆముదం పోసి కూర్చోకండి. రాత్రయినా సరే ఆ పూటే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇక కొనేటప్పుడు. సీలు వేసిన కంపెనీ ప్యాకెట్ అయినా చేతిలోకి తీసుకుని చూడండి. ఫ్యాక్టరీ సీలు మూతి పొడవునా ఒకే వెడల్పులో, సన్నని గీతలు నొక్కినట్టు ఉంటుంది. ఒక సీలు కింద ఇంకో సీలు కనబడినా, అంచు కరిగి ముద్దలా ఉన్నా తిరిగి మూసిన ప్యాకెట్ అని అర్థం. తయారీ తేదీ, బ్యాచ్ నంబరు ప్యాకెట్ మీద నేరుగా ముద్రించి ఉండాలి. వాటి మీద స్టిక్కరుంటే గోటితో అంచు లేపి కింద ఏముందో చూడండి, మొహమాటం వద్దు. ‘కంప్లీట్’ అని ఉంటే రోజూ పెట్టే తిండి. ‘కాంప్లిమెంటరీ’, ‘ట్రీట్’ అని ఉంటే చిరుతిండి మాత్రమే. నాకించే క్రీమ్ ట్యూబులు ఎక్కువగా రెండో రకం. వాటితో కడుపు నింపకండి. అంగడి ముందు ఎండలో దండలా వేలాడదీసిన గ్రేవీ పౌచ్‌లు, కాస్త ఉబ్బిన పౌచ్‌లు ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనివాళ్ల దగ్గర పిల్లి తిండి కొనకండి.

ధర భారమై కవరు సరుకు కొంటున్నవాళ్లున్నారు, వాళ్లను తప్పుపట్టలేం. కానీ లెక్క ఇలా చూడండి. నాలుగు కిలోల పెద్ద పిల్లికి, ఇంట్లోనే ఉండేదైతే, మంచి డ్రై ఫుడ్ రోజుకు 50 నుంచి 60 గ్రాములు చాలు. కిలో పదిహేడు, ఇరవై రోజులు వస్తుంది. గిన్నె నిండా పోసి వదిలేయడం వల్ల ఎక్కువ ఖర్చవుతోంది, పైగా పిల్లి లావెక్కుతోంది. పిల్లి సహజంగా రోజుకు పదిసార్లకు పైగా కొంచెం కొంచెం తినే జీవి. కాటాతో తూచి మూడు నాలుగు పూటలకు పంచండి. రెండు నెలల కూనకైతే నాలుగు పూటలు తప్పనిసరి.

ఇంటి తిండి కలపాలంటే ఉప్పు, కారం వేయకుండా ఉడికించిన ఎముకల్లేని చికెన్ మంచిది. ఉడికించిన నీళ్లు పారబోయకండి, టౌరిన్ ఆ నీళ్లలోకి దిగుతుంది. చల్లారాక ఆ నీళ్లే ముక్కల మీద పోయండి, పిల్లి ఒంట్లోకి కాస్త నీరు కూడా చేరుతుంది. మొత్తం తిండిలో పదో వంతు దాటకుండా, అంటే 10 నుంచి 15 గ్రాములు, అగ్గిపెట్టెలో సగమంత ముక్క. అచ్చం చికెనే పెడితే కాల్షియం చాలక కూనల ఎముకలు వంగుతాయి. కూరలోని ముక్క కడిగి పెట్టడం మన ఇళ్లలో మామూలు, అది మానాలి. ఉల్లి, వెల్లుల్లి సారం ముక్కలోకి ఇంకిపోయి ఉంటుంది, కడిగితే పోదు. కిలో బరువుకు ఐదు గ్రాముల ఉల్లిపాయ చాలు పిల్లి ఎర్ర రక్తకణాలు విరిగిపోవడానికి. అంటే నాలుగు కిలోల పిల్లికి 20 గ్రాములు, చిన్న ఉల్లిపాయలో సగం. వెల్లుల్లి అంతకంటే ఘాటు. చేపల అంగట్లో ఇచ్చే బొచ్చె, రోహు తలకాయలు, పేగులు పచ్చివి పెట్టకండి. ఆ జాతి చేపల్లో విటమిన్ బి1ను విరగ్గొట్టే పదార్థం ఉంటుంది. రోజూ తింటే పిల్లి తల వాలుస్తుంది, తూలుతుంది, మూర్ఛలు వస్తాయి. పది నిమిషాలు బాగా ఉడికిస్తే ఆ గుణం పోతుంది, ముళ్లు మాత్రం తీయాలి. పాలు సంగటి, పాలబువ్వ పెద్ద పిల్లికి తిండే కాదు. పాలు చాలా పిల్లులకు అరగవు.

కొన్న ప్యాకెట్‌ను డబ్బాలోకి ఒంపకుండా, ప్యాకెట్‌తోనే మూతి మడిచి క్లిప్పు పెట్టి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో ఉంచండి. నెలన్నరలో అయిపోయేంత సైజే కొనండి, వేసవిలో ఇంకా చిన్నది. ఫ్రిజ్‌లో వద్దు, బయటికి తీసినప్పుడల్లా లోపల చెమ్మ పడుతుంది. చీమలకు పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో గిన్నె పెడితే సరిపోతుంది. విప్పిన గ్రేవీ పౌచ్ మన ఎండలకు గంటకు మించి బయట ఉంచకూడదు. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లోపు వాడేయండి. పెట్టేముందు ఆ గిన్నెను వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి గోరువెచ్చగా చేయండి. చల్లటి తిండికి వాసన రాదు, అందుకే పిల్లి ముట్టదు. తాగడానికి బోరు నీళ్ల బదులు మీరు తాగే నీళ్లే పోయండి, తిండిగిన్నెకు దూరంగా.

ఇప్పటికే కవరు సరుకు పెడుతున్నవాళ్లు తిండిని ఒక్కసారిగా మార్చకండి, పిల్లి మొండికేసి పస్తుంటుంది. బాగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కొవ్వంతా కాలేయంలో చేరి ప్రాణాపాయం వస్తుంది. కవరులోది ఘాటు వాసన రాకుండా, బూజు లేకుండా ఉంటే, మొదటి రెండు రోజులు మూడొంతులు పాతది, ఒక వంతు కొత్తది. తర్వాత రెండు రోజులు సగం సగం. ఇంకో రెండు రోజులు ఒక వంతు పాతది, మూడొంతులు కొత్తది. ఏడో రోజు పూర్తిగా కొత్తది. వాసన తేడాగా ఉంటే మాత్రం ఈ లెక్క వద్దు, ఈ రోజే ఆపేయండి. కొత్తదాని మీద గోరువెచ్చటి చికెన్ నీళ్లు రెండు చెంచాలు పోసి అలవాటు చేయండి. 24 గంటలు ఏమీ ముట్టకపోతే డాక్టరుకు చూపించండి.

మిగిలిన కవరు పారేయకముందు ఫొటోలు తీయండి: చీటీ కనబడేలా ఒకటి, కాటా మీద బరువు కనబడేలా ఒకటి, పేపరు మీద పోసిన గింజలు దగ్గర నుంచి ఒకటి. వంద గ్రాములు వేరే కవరులో కట్టి ఉంచండి. ప్యాక్ చేసినవాళ్ల పేరు, చిరునామా, నికర బరువు, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు నంబరు లేకుండా ప్యాకెట్ అమ్మడం 2011 ప్యాకేజ్డ్ కమాడిటీస్ నిబంధనల ప్రకారం తప్పు. తిరిగి ప్యాక్ చేసిన అంగడికీ ఇది వర్తిస్తుంది. తూకం తక్కువైనా, చీటీ మీద వివరాలు లేకపోయినా తూనికలు కొలతల శాఖ జిల్లా కార్యాలయంలో రాసివ్వొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. డాక్టరు చీటీ, మందుల బిల్లులు కూడా జతచేయండి.

పాడైన సరుకును వీధి పిల్లులకో కుక్కలకో పెట్టేద్దామనుకోవద్దు. బూజు విషం వాటికీ విషమే. కవరు చించి, నీళ్లు పోసి తడిపి, మట్టిలో పూడ్చేయండి.