మంగు మచ్చల మీద 14 నెలలు: ఫుల్ కవరేజ్ ఫౌండేషన్‌తో నా అనుభవం

మచ్చలను పూర్తిగా కప్పే చర్మం రంగు పూత, అంటే ఫుల్ కవరేజ్ ఫౌండేషన్, మూడో సీసా నిన్న ఉదయం తెరిచాను. అలవాటు ప్రకారం అడుగున చిన్న కాగితం ముక్క అంటించి తేదీ రాశాను. 30 మిల్లీలీటర్ల సీసా నాకు ఏడు నెలలు వస్తోంది. అంటే నిరుడు ఏప్రిల్ నుంచి, వారానికి ఐదు రోజుల చొప్పున, రెండు ఎండాకాలాలు, ఒక వానాకాలం ఇది నా ముఖం మీద ఉంది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ తరహా చిక్కటి ఫౌండేషన్లు ఇంకో రెండు వాడి చూశాను. నేను చెప్పబోయేవి దాదాపు అన్నిటికీ వర్తిస్తాయి.

నాకు రెండు చెంపల మీదా, పై పెదవి మీదా మంగు ఉంది. రెండో కాన్పు తర్వాత మొదలైంది. తొమ్మిదేళ్లుగా చలికాలంలో కాస్త తగ్గుతూ, ఎండలు ముదరగానే తనూ ముదురుతూ ఉంది. ఖైరతాబాద్‌లోని ఆఫీసులో నా పని కౌంటర్ దగ్గర. వచ్చినవాళ్లతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలి. కాగితాలు అందిస్తూనే ‘ముఖానికి ఏమైందమ్మా? పసుపు రాయకపోయావా?’ అనే పెద్దవాళ్లు, ‘లివర్ పరీక్ష చేయించుకోండి’ అని సలహా ఇచ్చేవాళ్లు. వాళ్ల మనసులో చెడు లేదని తెలుసు. అయినా రోజుకు నాలుగుసార్లు అదే మాట వింటే ప్రాణం విసిగిపోతుంది. నాకు తెల్లబడాలని లేదు, అందంగా కనబడాలనీ కాదు. కౌంటర్‌లో కూర్చున్న ఎనిమిది గంటలు ఆ ప్రశ్న రాకుండా ఉంటే చాలు. ఈ ఫౌండేషన్‌ను నేను కొలిచింది ఆ ఒక్క కొలతతోనే.

మచ్చ కప్పుకోవడానికి వాడేదాన్ని మేకప్ అనే పేరుతో తేలిగ్గా చూస్తారు. కానీ ఈ తరహా వస్తువుల చరిత్రలో అలాంటి బాధ పడ్డ ఒక మనిషే ఉంది. ముఖం మీద పెద్ద ఎర్రటి పుట్టుమచ్చతో పుట్టిన లిడియా ఓలియరీ అనే అమెరికన్ మహిళ 1928లో తన కోసం కవర్‌మార్క్ అనే క్రీము తయారుచేసుకుంది. 1932లో దానికి పేటెంట్ పొందింది. ఆ సంగతి చదివిన రోజు నాకు ఎంతో ధైర్యం కలిగింది.

ఈ మూడింటికీ ముందు ఒక సీసా కొని నష్టపోయాను. దుకాణంలోని అమ్మాయి నా మణికట్టు లోపలివైపు రాసి, తెల్లటి దీపాల కింద చూపించి, రెండు మెట్లు లేత షేడ్ చేతిలో పెట్టింది. నాది చామనఛాయ, చర్మం అడుగున పసుపు ఛాయ. ఆమె ఇచ్చింది గులాబీ వైపు షేడ్. బయటికి వచ్చి స్కూటర్ అద్దంలో చూసుకుంటే ముఖం బూడిద పూసినట్టుంది. మణికట్టు లోపలి రంగు ముఖానికి చాలాసార్లు సరిపోదు. దవడ దగ్గర, మెడ వైపు దిగేలా రాసుకుని, బయటి వెలుతురులో చూసుకోవాలి. అప్పుడే డబ్బు కట్టకూడదు కూడా. చర్మంలోని నూనెతో కలిసి, పైన తడి ఆరిపోయాక చాలా ఫౌండేషన్లు అర మెట్టు ముదురుతాయి. టీ తాగి, అరగంట తిరిగి వచ్చి, మళ్లీ చూసుకుని కొనాలి. ఇప్పుడు నేను అలాగే చేస్తాను.

రాసే పద్ధతి దగ్గర నెల రోజులు తప్పులు చేశాను. మచ్చ కనబడుతోందని ఇంకో పొర, ఆ పైన ఇంకో పొర వేసేదాన్ని. మధ్యాహ్నానికి నవ్వు గీతల్లో గోడ సున్నం పగిలినట్టు పగుళ్లు వచ్చేవి. మచ్చను కప్పే పని ముఖ్యంగా టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడిది. చర్మం రంగు తెచ్చేవి పసుపు, ఎరుపు, నలుపు ఐరన్ ఆక్సైడ్లు. గోధుమ, బూడిద రంగులు కలిసిన మంగు మీద ఈ మిశ్రమం ఎంత పూసినా అడుగు నుంచి బూడిద తొంగిచూస్తుంది. దానికి విరుగుడు నారింజ రంగు కరెక్టర్, అంటే ఫౌండేషన్‌కు ముందు మచ్చ రంగును తగ్గించేందుకు పూసే క్రీము. మచ్చ ఉన్నంత మేరకే, గోటి మీద పట్టేంత తీసుకుని, ఉంగరపు వేలితో అద్దాలి. రుద్దకూడదు. రెండు నిమిషాలాగి, దానిమీద ఫౌండేషన్‌ను తడిపి పిండిన స్పాంజితో తట్టాలి. ఈ తరహా ఫౌండేషన్లు త్వరగా ఆవిరయ్యే ద్రవాలతో చేసినవి. నిమిషంలో బిగుసుకుంటాయి. ముఖమంతా చుక్కలు పెట్టుకుని తర్వాత తీరిగ్గా సర్దుదామంటే కుదరదు. ఒక చెంప పూర్తిచేశాకే రెండో చెంప. నుదురు, గడ్డం నేను వదిలేస్తాను. అక్కడ నా చర్మం నా చర్మంలాగే ఉంటుంది. అందుకే పంపు ఒక్కసారి నొక్కితే వచ్చేదాంట్లో కొంచెం మిగులుతుంది. సీసా ధర 2,400 రూపాయలు. రోజుకు 15, 16 రూపాయలు పడుతోంది.

మే నెల అసలు పరీక్ష. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దాకా స్కూటర్, అక్కడి నుంచి చల్లటి రైలు, దిగాక మళ్లీ ఎండలో పది నిమిషాల నడక. 41, 42 డిగ్రీల రోజుల్లో కూడా చెంపల మీది పొర సాయంత్రం ఆరు దాకా కదల్లేదు. పై పెదవి మీది మాత్రం భోజనం తర్వాత పోతుంది, మళ్లీ అద్దుకోవాల్సిందే. హెల్మెట్ లోపలి మెత్తకు రంగు అంటుతుంది. నేను పల్చటి నూలు గుడ్డ కట్టుకుని పైన పెట్టుకుంటున్నాను. ఎండకన్నా ఆషాఢం ఉక్కపోత కష్టం. చెమట ఆరని రోజుల్లో ముక్కు పక్కన గడ్డలు కడుతుంది. అలాంటప్పుడు తుడవకుండా టిష్యూ కాగితంతో ఒత్తితే చాలు. శ్రావణంలో మా ఆడపడుచు కూతురి పెళ్లి ఫొటోల్లో ఫ్లాష్ పడి నా బుగ్గలు మెడకన్నా తెల్లగా వచ్చాయి. ఆ తెల్ల పొడి వెలుగును తిప్పికొట్టడం వల్లే ఇలా అవుతుంది. ముందే ఫోనులో ఫ్లాష్‌తో ఒక ఫొటో తీసుకుని చూసుకోవాల్సింది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది సన్‌స్క్రీన్ గురించి. సీసా మీద ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె) 15 అని ఉంది. దాన్ని నమ్ముకోకండి. ఆ అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున దట్టంగా పూసి కొలిచినది. అంత ఫౌండేషన్ ఎవరూ పూయరు. మంగు ఉన్నవాళ్లకు కిందన వేరే సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఫౌండేషన్‌లోని ఐరన్ ఆక్సైడ్లు కంటికి కనిపించే వెలుతురును కొంత ఆపుతాయి. ఆ వెలుతురు కూడా మంగును ముదిరిస్తుంది కనుక ఇది నిజమైన మేలే. కానీ అది అదనపు మేలు మాత్రమే. మచ్చ కనబడటం లేదని మంగుకు వాడే మందు మానేసిన మూడు నెలల్లో నా మంగు అడుగున ముదిరింది. తప్పు నాదే. డాక్టర్ రాసిన రాత్రి క్రీము వల్ల పొట్టు లేచే రోజుల్లో ఫౌండేషన్ ఆ పొట్టుకు పట్టుకుని మరీ అసహ్యంగా ఉంటుంది. ఆ రోజుల్లో అసలు వేసుకోను.

తుడవడం కూడా ఒక పనే. సబ్బుతో పోదు. ముందు మేకప్‌ను కరిగించే క్లెన్సింగ్ ఆయిల్, తర్వాత ఫేస్‌వాష్. స్పాంజి రోజూ ఉతికి ఆరబెట్టాలి. వారం రోజులు బద్ధకించినప్పుడు దవడంతా మొటిమలు లేచాయి. బాగా పొడి చర్మం ఉన్నవాళ్లకూ, మచ్చ చిన్నగా ఉన్నవాళ్లకూ దీన్ని చెప్పను. చిన్న మచ్చకు, ఆ చోట మాత్రమే అద్దుకునే కన్సీలర్ చాలు.

పోయిన వారం మా సెక్షన్‌లో కొత్తగా చేరినామె భోజనం వేళ పక్కన కూర్చుని, ‘అక్కా, ఒకటి అడగనా?’ అని తన బుగ్గ చూపించింది. అదే మంగు. ఆమెను కిటికీ దగ్గరికి తీసుకువెళ్లి, నా ఎడమ చెంప మేకప్ తుడిచే తడి కాగితంతో తుడిచి చూపించాను. చాలాసేపు చూసింది. శనివారం ముందు చర్మవైద్యుడి దగ్గరికీ, తర్వాత, ఇంకా వెలుతురు ఉండగానే, షేడ్ చూడటానికీ ఇద్దరం కలిసి వెళ్తున్నాం.