బోయిగూడ ఐడీహెచ్ కాలనీ ఇళ్లు: మార్కులన్నీ స్థలానికే

సికింద్రాబాద్ నడిబొడ్డున, పాత ఇళ్లు తీసేసిన చోటే అక్కడివాళ్లకే తెలంగాణ ప్రభుత్వం డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల పథకం కింద ఉచితంగా కట్టిచ్చిన 396 ఇళ్లివి. 2015లో చేతికొచ్చాయి. రెండు పడగ్గదులు, హాలు, వంటిల్లు, రెండు బాత్రూములు.

స్థలానికి అయిదుకు అయిదు. స్టేషనూ, గాంధీ ఆసుపత్రీ దగ్గర్లోనే. అదే పథకం కింద నగర శివారు కొల్లూరులో 2023లో ఒక్కచోటే 117 బ్లాకుల్లో 15,660 ఇళ్లు లేచాయి. ఇల్లు బాగానే ఉంటుంది, కానీ ఔటర్ రింగ్ రోడ్డు దాకా పోవాలి. అడ్డా కూలికి పొద్దున బస్సు తప్పితే ఆ పూట కూలి పోయినట్టే. ఇల్లు ఉచితమైనా ప్రయాణం ఉచితం కాదు కదా!

ఎత్తు తక్కువ కావడం రెండో లాభం. కింది ఇంటిపైన రెండంతస్తులే, మెట్లు చాలు. పదేసి అంతస్తులైతే లిఫ్టు, జనరేటర్, మోటార్ల ఖర్చు నెలనెలా పంచుకోవాలి. నలుగురు ఎగ్గొట్టారంటే లిఫ్టు ఆగుతుంది.

ఇలాంటి అపార్ట్‌మెంట్లలో ముందు దెబ్బతినేది బాత్రూమే. నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) చుట్టూ సందులోంచి నీళ్లు దిగి కింది ఇంటి సీలింగ్ పెచ్చులూడుతుంది. పైపైన తెల్ల సిమెంటు పూస్తే ఆగదు. టైల్ తీసి, సందును గ్రౌట్‌తో (సందులు పూడ్చే మిశ్రమం) నింపి, వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేసి, ఆరాక ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి చూసి, అప్పుడే టైల్ అతికించాలి. పై అంతస్తులో వేడికి డాబా మీద కూల్ పెయింట్ (ఎండను తిప్పికొట్టే రంగు) పనిచేస్తుంది, ముందు స్లాబు పగుళ్లు పూడ్చాలి.

ఈ పథకం ఇళ్లు అమ్మడానికి, అద్దెకివ్వడానికి వీల్లేదు. చవగ్గా ఇప్పిస్తామనే బ్రోకర్లకు అడ్వాన్సు ఇవ్వకండి.