చిరాయతా, నేలవేమా, నేలగులిమిడా: ఏది మేలు?

వానాకాలం వచ్చిందంటే బెజవాడలో జ్వరాల భయం మొదలవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక ఆ భయం ఇంకా పెరిగింది. ఒకరు నేలవేము కషాయం తాగమంటారు, ఇంకొకరు చిరాయతే అసలు మందంటారు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే పల్లె నుంచి వచ్చిన చుట్టాలు నేలగులిమిడి గురించి చెప్పి వెళ్తారు. మూడూ చేదే కాబట్టి మూడూ ఒకటేనని, ఏది దొరికితే అది మరిగించి తాగేవాళ్లు చాలామంది ఉన్నారు. నా అభిప్రాయం ముందే చెప్తాను: కోస్తాలో ఉండే మనకు నేలవేమే మేలు. చిరాయత గొప్ప మొక్క, అందులో సందేహం లేదు. కాని కొట్లో ఆ పేరుతో ఇచ్చేది చిరాయతే అని నమ్మకం లేదు.

ముందు ఆ చిరాయత సంగతి చూద్దాం. దీని ప్రజాతి స్వెర్షియా, కుటుంబం జెన్షియన్లది. కాశ్మీరు నుంచి భూటాన్ దాకా హిమాలయాల్లో 1,200 నుంచి 3,000 మీటర్ల ఎత్తున పెరుగుతుంది. మన ఎండకు బతికే మొక్క కాదు. పువ్వుకు నాలుగు రేకులు, ఆకుపచ్చ కలిసిన పసుపు రంగు, అక్కడక్కడ ఊదా ఛాయ. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో రేకు మొదట్లో రెండు తేనె గుంటలు, వాటి అంచున పొడుగాటి నూగు కనిపిస్తాయి. స్వెర్షియాలను గుర్తుపట్టడానికి వృక్షశాస్త్రజ్ఞులు ముందుగా చూసేది ఈ గుంటలనే. ఈ మొక్కకు మొదట జెన్షియానా ప్రజాతి కింద పేరు పెట్టినవాడు వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్. కలకత్తా వెళ్లకముందు ఆయన మన సామర్లకోటలోనే ఉండి తోట పెంచాడు, కోరమాండల్ తీరపు మొక్కలకు బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత 1839లో చిరాయత ఎడిన్‌బరో మందుల గ్రంథంలోకి ఎక్కింది.

చిరాయత చేదుకు ముఖ్య కారణం అమరోజెంటిన్ అనే పదార్థం. ఒక వంతు పదార్థాన్ని 5.8 కోట్ల వంతుల నీళ్లలో కలిపినా నాలుకకు చేదు తగులుతుందని లెక్క. చేదు నాలుకకు తగిలితే లాలాజలం, జీర్ణరసాలు ఊరతాయి. అందుకే జ్వరం తగ్గాక నోరు చప్పగా ఉండి అన్నం సయించని వాళ్లకు భోజనానికి ముందు చేదు కషాయం ఇవ్వడం పాత పద్ధతి. అదే చేదును క్యాప్సూల్‌లో పెట్టి మింగితే నాలుకకు తగలదు, ఆకలి కోసం తాగే ప్రయోజనం చాలా మటుకు పోతుంది. జ్వరాలకు వాడే ఆయుర్వేద పొడి మహాసుదర్శన చూర్ణంలో మిగతా మూలికలన్నీ కలిపి ఎంత బరువుంటే అందులో సగం చిరాయతే వేయాలని శాస్త్రం. దానికి అంత విలువ ఇచ్చారు.

చిక్కంతా కొట్లో మొదలవుతుంది. వన్‌టౌన్‌లోనో, గుంటూరు పట్నంబజారులోనో చిరాయత అడిగితే ఎండు పుల్లల కట్ట చేతికిస్తారు. అది నేలవేమే అయ్యే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే చవకైన నేలవేమును చిరాయత పేరుతో అమ్మడం దేశమంతటా ఉన్నదే. కొనేముందు ఒక పుల్ల విరిచి చూడండి. అసలు చిరాయత కాడ గోధుమ, ఊదా కలిసిన ముదురు రంగులో ఉంటుంది. అడుగు భాగం గుండ్రంగా ఉండి, పైకి పోయేకొద్దీ పలకలు తేలుతుంది. లోపల పసుపచ్చని బెండు దండిగా ఉండి, గోటితో తీస్తే సులువుగా ఊడి వస్తుంది. నేలవేము కాడ ఎండినా పచ్చదనం పూర్తిగా పోదు, వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలు స్పష్టంగా తెలుస్తాయి. పొడి కొంటే మాత్రం ఈ పరీక్షలేవీ పనికిరావు. అందుకే ఈ రెంటిలో దేన్నీ పొడిగా కొనొద్దంటాను. అసలు చిరాయత దొరికినా నాకు ఇంకో బాధ ఉంది. పూత మీదున్న మొక్కను వేరుతో సహా పీకేస్తారు, గింజ రాలే అవకాశమే ఉండదు. కొండల్లో అది పలచబడిపోవడానికి ఈ పీకుడే పెద్ద కారణం.

నేలవేము శాస్త్రీయ నామం ఆండ్రోగ్రాఫిస్ పానికులేటా. చిరాయతకు బంధువు కానే కాదు, మన అడ్డసరం, కనకాంబరాల కుటుంబం. మోకాలెత్తు నుంచి నడుమెత్తు దాకా పెరుగుతుంది, ఆకు రెండు కొనలా సన్నబడి ఉంటుంది. చిన్న తెల్ల పువ్వుకు రెండు పెదవులు, ఒక పెదవి మీద ఊదా మచ్చలు. కాయ ఎండితే టప్పున పేలి గింజలు దూరంగా చిమ్ముతుంది. కుండీలో ఒక మొక్క వేస్తే మరుసటి వానలకు పక్క కుండీల్లోనూ మొలకలు కనిపిస్తాయి. చేదంతా ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థానిది, 1911లోనే దాన్ని విడిగా తీశారు. అది ఆకులో ఎక్కువ. పూత మొదలయ్యేటప్పుడు కోసి నీడన ఆరబెట్టాలి.

మనుషుల మీద జరిగిన పరీక్షల విషయంలో ఈ మూడింటిలో నేలవేమే ముందుంది. జలుబు, గొంతు నొప్పి లాంటి పై శ్వాస ఇబ్బందుల్లో ఉపశమనం ఇచ్చిందని కొన్ని పరిశోధనలు చెప్తున్నాయి. డెంగీకి అలాంటి గట్టి రుజువు లేదు. తమిళనాడులో ప్రభుత్వం పంచిన నిలవేంబు కుడినీర్ తొమ్మిది సరుకులు కలిపి చేసే సిద్ధవైద్య (తమిళుల సంప్రదాయ వైద్యం) కషాయం. శొంఠి, మిరియాలు, వట్టివేరు, చందనం, తుంగముస్తలు అన్నీ అందులో ఉంటాయి. నేలవేము ఒక్కటే మరిగించి అదే ఇదని అనుకోకూడదు. రెండో రోజుకూ జ్వరం తగ్గకపోతే రక్త పరీక్ష చేయించుకోవాల్సిందే. కషాయం తాగుతున్నాం కదా అని ప్లేట్‌లెట్ల పరీక్ష వాయిదా వేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కొందరికి నేలవేము పడదు, ఒళ్లంతా దద్దుర్లు, అరుదుగా ప్రమాదకరమైన అలర్జీ కూడా వస్తాయి. గర్భిణులు దీని జోలికి పోకూడదు. రక్తం పలచబడే మాత్రలు, బీపీ మాత్రలు వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా తాగకూడదు.

ఇక నేలగులిమిడి, అంటే ఎనికోస్టెమా. జానెడు మొక్క. సన్నటి ఆకుల మొదళ్లలో చిన్న తెల్లపూలు గుత్తులుగా అంటుకుని ఉంటాయి. చిరాయతకు నిజమైన దాయాది ఇదే. ఇద్దరిదీ జెన్షియన్ల కుటుంబం, ఇద్దరిలోనూ స్వెర్షియామారిన్ అనే చేదు ఉంది. ఉత్తరాదిన దీన్ని చిన్న చిరాయత అనడానికీ అదే కారణం. గుజరాత్‌లో మామెజవో పేరుతో షుగర్‌కు వాడతారు, చిన్న స్థాయిలో పరిశోధనలూ జరిగాయి. కాని మాత్రలు మానేసి దీన్ని నమ్ముకోవడం తప్పు. మాత్రలతో పాటు తాగితే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంటుంది, కాబట్టి గ్లూకోమీటర్ దగ్గర లేకుండా దీన్ని మొదలుపెట్టొద్దు.

ఆకలి కోసమే అయితే, పుల్ల విరిచి చూసి తెచ్చుకున్న చిరాయత కొద్దిగా చాలు. జలుబు, గొంతు నొప్పికి నేలవేము. షుగర్‌కు మాత్రం ఈ మూడింటిలో ఏదీ డాక్టరు రాసిన మందుకు బదులు కాదు. మొక్క మీద అనుమానం ఉంటే వేరు, ఆకు, పువ్వు ఉన్న కొమ్మను విజయవాడ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలకు తీసుకెళ్లి అడగండి. ద్రవ్యగుణం, అంటే ఆయుర్వేదంలో మూలికల శాస్త్రం, చదివినవాళ్లు గుర్తుపడతారు. నేలవేము గింజలు చల్లాలనుకుంటే తొలకరికి ముందే చల్లండి, కాస్త నీడ తగిలే చోట. మూడు నాలుగు నెలల్లో కోతకొస్తుంది.