పరుగెత్తేవాళ్ల పిక్కలకు శ్రీకాకుళంలో ఒక మంచి చోటు

నాకు 44 ఏళ్లు, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. విశాఖ నేవీ మారథాన్‌లో హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలని అరసవల్లి దాటి గార రోడ్డులో ప్రాక్టీస్ మొదలుపెట్టాను. దూరం తొందరపడి పెంచేశాను. ఒకరోజు ఏడో కిలోమీటరు దగ్గర ఎడమ పిక్క పట్టేసింది.

తెలిసినాయన ఒకరు నువ్వుల నూనెతో మర్దన చేశారు. గట్టిగా నొక్కితేనే వదులుతుందన్నారు. పిక్క కమిలిపోయి, మూడు రోజులు కుంటుతూ క్లాసుకి వెళ్లాను.

ఆ తర్వాత మా పీఈటీ గారు చెబితే ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరున్న చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్లాను. చూసేది ఒక చిన్న వయసు అమ్మాయి. మొదటి పావుగంట మర్దన ఊసే లేదు. ఏ వారం ఎంత దూరం పెంచానో రాసుకుంది. పిక్క వాచిందా, వేడిగా ఉందా అని చూసింది. అలా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చట, ముందు డాక్టరు చూడాలట. ముంగాలి ఎముకంతా వేలితో తడిమి, "ఎముక మీద ఒకేచోట నొప్పి ఉంటే నేను నొక్కను మాస్టారూ, ఎముకల డాక్టర్ దగ్గరికి పంపేస్తాను" అంది. నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

తర్వాత గోడ ముందు నిలబెట్టింది. మడమ లేవకుండా మోకాలు గోడకి తగలాలి. కాలి బొటనవేలికీ గోడకీ మధ్య దూరం టేపుతో కొలిచింది. కుడికాలు 11 సెంటీమీటర్లు, ఎడమకాలు 6. నన్ను బోర్లా పడుకోబెట్టి మోకాలు వంచింది. అలా వంచితే పైకండ వదులై, లోపలున్న సోలియస్ అనే కండ చేతికి దొరుకుతుందట. అక్కడ గట్టిపడిన ముడి మీద తన చేతి బొటనవేలు ఆనించి, "ఊపిరి వదలండి" అంటూ ఆగింది. నొప్పి పదికి ఎంత అని అడుగుతూ, ఆరు దాటనివ్వలేదు. కాసేపటికి ఆ ముడి వేలి కింద మెత్తబడటం నాకే తెలిసింది. మళ్లీ కొలిస్తే ఎనిమిదిన్నర!

"ఇప్పుడు పెరిగిన దాంట్లో చాలా వరకు రేపటికి పోతుంది మాస్టారూ, నిలబెట్టుకోవాల్సింది మీరే" అని మెట్టు అంచున మోకాలు కాస్త వంచి మడమలు ఎత్తే వ్యాయామం నేర్పింది, 15 చొప్పున మూడు సెట్లు. మసాజ్‌తో లాక్టిక్ యాసిడ్ పోతుందా అని అడిగాను. అది పరుగు ఆపిన గంట, గంటన్నరలో తనంతట తనే తగ్గిపోతుందనీ, మర్నాడు వచ్చే ఒళ్లు నొప్పులు దానివి కావనీ చెప్పింది. స్పీడు పెరుగుతుందా అంటే మర్దన వల్ల పెరగదు, నొప్పి లేకుండా ప్రాక్టీస్ సాగితే అదే వస్తుందంది. పోటీకి ముందు రెండు మూడు రోజులు లోతుగా నొక్కించుకోవద్దనీ హెచ్చరించింది.

అయిదు వారాల్లో ఆరు సిట్టింగులు, ఒక్కోదానికి 500 రూపాయలు. మొన్న ఆదివారం 14 కిలోమీటర్లు నొప్పి లేకుండా పరుగెత్తాను. గోడ దగ్గర ఇప్పుడు 10 వస్తోంది.

ఇబ్బందులూ ఉన్నాయి. క్లినిక్ రెండో అంతస్తులో, లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న మా తోటి టీచరు ఆ నిటారు మెట్లు చూసి వెనక్కి వచ్చేశారు. ఇది నాకు బాధగా ఉంది, కింద ఒక్క గది తీసుకుంటే బాగుండేది. సాయంత్రం అపాయింట్‌మెంట్ ఆరింటికి అంటే ఏడవుతుంది. పొద్దున వెళ్లండి. పరుగెత్తే బూట్లు పట్టుకెళ్లండి, అడుగు ఎక్కడ అరిగిందో చూసి చెబుతుంది.